సగములో ఆగిన అంతులేని కథ

నవలను చలనచిత్రముగా తీయునప్పుడు కొంత విడుచుట తప్పదు. నాలుగు వందల పైచిలుకు పుటల కథను గంటన్నరలో చూపవలసినవాడు విడువక ఏమి చేయును? కాని విడిచినది కొమ్మా, వేరా అని చూచుకొనవలెను. ఈ భేదము తెలియుటకు జర్మన్ రచయిత మిహాయెల్ ఎండే వ్రాసిన ‘అంతులేని కథ’ను మించిన ఉదాహరణము నాకు కనబడదు. (1976లో బాలచందర్ గారు తీసిన తెలుగు చిత్రమునకు దీనితో పేరులో తప్ప పొత్తు లేదు.)

1979లో వెలువడిన ఈ నవల అచ్చులోనే ఒక వింత. మన లోకపు కథ ఎఱ్ఱ సిరాతోను, ఊహాలోకపు కథ ఆకుపచ్చ సిరాతోను అచ్చువేసినారు. అధ్యాయములు 26; అవి జర్మన్ వర్ణమాలలోని 26 అక్షరములతో వరుసగా ప్రారంభమగును. తెలుగు చేయదలచినవారు మన యాభైయారు అక్షరములతో ఏమి చేయుదురో గాని!

తల్లి పోయినది, పండ్లు కట్టు పనివాడైన తండ్రి దుఃఖముతో మాట మరచినాడు, తోటి పిల్లలు వేధించుచున్నారు. ఈ స్థితిలో బాస్టియన్ అను లావుపాటి పిల్లవాడు ఒక పుస్తకము దొంగిలించి, బడి అటకమీద దాగి చదువును. అందులో ఫంతాజియన్ అను లోకమును శూన్యము మ్రింగుచున్నది. మానవుడొకడు క్రొత్త పేరు పెట్టిననే గాని ఆ లోకపు రాణి బ్రతుకదు. పేరు తోచియు బాస్టియన్ పలుకుటకు జంకును. అప్పుడామె సంచరించు కొండమీది వృద్ధునియొద్దకు పోవును. అతడు వ్రాసినది జరుగును, జరిగినది వ్రాయును. ఆమె ఆజ్ఞపై అతడు కథను మొదటినుండి చెప్పసాగును. పిల్లవాడు పుస్తకము దొంగిలించుటయు అందులో వచ్చును. చెప్పగా చెప్పగా మరల అదే కొండ, అదే వృద్ధుడు, మరల మొదలు! బాస్టియన్ నోరు విప్పువరకు ఆ చక్రము ఆగదు. నవల పేరునకు అర్థమిచ్చు ఈ ఘట్టము చిత్రములో లేదు.

వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ ఈ చిత్రమును 1984లో విడుదల చేసినారు. నాటి పశ్చిమ జర్మనీలో అంత వ్యయముతో చిత్రము తీసినది లేదని చెప్పుదురు. గుఱ్ఱము బురదలో దిగబడు దృశ్యము చూచి ఎందరో పిల్లలు కంట తడిపెట్టినారు, అది కాదనలేము. కాని నవలలో ముత్యపు పొలుసులతో, సింహపు తలతో, కంచుగంటవంటి కంఠముతో ఉన్న డ్రాగన్ తెరమీద బొచ్చుకుక్కను పోలినది. రేడియోలో పనిచేయువానికి ఇట్టిచోట కొంచెము గర్వము కలుగుట సహజము. మేము కంఠము మాత్రమే వినిపింతుము, పొలుసులు వినువారే అతికించుకొందురు.

రూపము సంగతి అటుంచుదము. చిత్రము నవలలో సగముతో ఆగిపోయినది. రెండవ సగమే అసలు పరీక్ష. బాస్టియన్ ఊహాలోకములో ప్రవేశించి, కోరినదెల్ల పొందును: అందము, బలము, కీర్తి. కాని ఒక్కొక్క కోరికకు ఒక్కొక్క జ్ఞాపకము వెలగా పోవుచుండును. సింహాసనమునకు ఆశపడి, ప్రాణమిత్రుడైన అత్రేయుని కత్తితో గాయపరచును. అటుపై అతనికి ఒక పట్టణము తారసపడును. అక్కడివారందరు ఒకనాడు చక్రవర్తులు కాగోరి, జ్ఞాపకములన్నియు పోగొట్టుకొన్న మనుష్యులు. వారు అక్షరముల పాచికలు వేయుచు, ఏదో ఒకనాడు కథ పడకపోదా అని కూర్చుందురు. పిల్లల నవలలో ఇంతకన్న భయంకరమైన చోటు నేను చదువలేదు. తుదకు తన పేరు కూడ మరచిన బాస్టియన్, ప్రేమించుట నేర్చుకొని, తండ్రికొఱకు జీవజలము పట్టుకొని ఇల్లు చేరును.

చిత్రములో ఇది యేదియు లేదు. బాస్టియన్ డ్రాగన్ నెక్కి మన పట్టణములోనికే వచ్చి, తన్ను ఏడిపించిన పిల్లలను తరుముకొట్టును. ఇక్కడ విడిచినది కొమ్మ కాదు. నవలలో గ్మోర్క్ అను మాయతోడేలు అత్రేయునకు ఒక రహస్యము చెప్పును: శూన్యములో పడిన ఊహాలోక జీవులు మానవలోకమునకు అబద్ధములై, భ్రమలై చేరుకొందురు. ఊహ మనిషిని బాగుచేసి ఇంటికి పంపవలెనే గాని, తానే వీధిలోనికి దిగివచ్చి పగ తీర్చరాదు. ఏది కథకు వినాశమో దానినే దర్శకుడు విజయముగా చూపినాడు. నాజీల కాలమున నిషేధమునకు గురియైన చిత్రకారుని కుమారుడు ఎండే. ఊహకును అబద్ధమునకును గల దూరము అతనికి వినోదవిషయము కాదు.

చిత్రానువాదమునకు మొదట ఎండే చేయూతనిచ్చినాడు. పిదప దానిని ఆయన సమ్మతి లేకయే మార్చినారు. ఆయన న్యాయస్థానమున కెక్కి ఓడిపోయినాడు. ప్రారంభ నామావళినుండి తన పేరు తీసివేయించుకొనుట మాత్రము సాధ్యమైనది. 1990లో రెండవ చిత్రము వచ్చి, మిగిలిన సగమునుండి కొన్ని ముక్కలు ఏరుకొన్నది. దానిని గురించి చెప్పదగినది లేదు. ఎండే మరియొక నవల ‘మోమో’ను యోహానెస్ షాఫ్ 1986లో తెరకెక్కించినప్పుడు మాత్రము, రచయిత స్వయముగా రైలు ప్రయాణికుని వేషములో తెరమీద కనబడినాడు.