మైసీనే కొండమీది మట్టిపలకలు

గ్రీసుదేశమున మైసీనే కొండపై, ఒంటికంటి రాక్షసులు పేర్చిరని ప్రాచీనులు చెప్పుకొన్న బండరాళ్ల కోట గలదు. సింహద్వారమునకు లోపల 1876లో హైన్రిక్ ష్లీమాన్ రాజసమాధులను త్రవ్వించి, బంగారు ముఖకవచములను వెలికిదీసెను. వానిలో నొకటి ట్రాయి యుద్ధనాయకుడగు అగమెమ్నానుదని లోకము నమ్మినది. కాని యది క్రీ. పూ. 16వ శతాబ్దిది, సంప్రదాయము చెప్పు ఆ యుద్ధమునకు మూడువందల యేండ్లకు ముందటిది.

కోటగోడ వెలుపలి యిండ్లలో 1950వ దశకమున దొరకిన మట్టిపలకల కట్టి మెరుపు లేదు. 1952లో మైకేల్ వెంట్రిస్ ఆ లిపి రహస్యమును విప్పగా, అవి గ్రీకుభాషలో వ్రాసిన సరకుల పద్దులని తేలినది: ధనియాలు, జీలకర్ర, నువ్వులు, నూనె, ఉన్ని. పచ్చిమట్టిపై గీసిన యా పద్దులు, ఇండ్లు తగులబడినప్పుడు కాలి గట్టిపడి నిలిచినవి. సమాధులలోని రాజుల పేర్లు తెలియకున్నను, ఆ కొండవారి కొట్లలో నే దినుసు లుండెనో నేడు తెలియుచున్నది.