కుండీ నుంచి జాడీ దాకా

గోంగూర మొక్కకు నీళ్లే ప్రాణం. అదే గోంగూర పచ్చడయ్యాక మాత్రం నీటిగండం పట్టుకుంటుంది. ఈ తేడా తెలిస్తే, మేడ మీద నాలుగు కుండీలున్న ఎవరైనా సొంత తోట ఆకుతో ఒక జాడీ నింపుకోవచ్చు.

తెలంగాణలో పుంటికూర అనే ఈ ఆకు మందార జాతిదే. తెల్ల గోంగూర కంటే, ఎర్ర కాడల గోంగూరకు పులుపు ఎక్కువ. నిల్వ పచ్చడికి అదే మేలు. తొలకరిలో, అడుగు లోతున్న కుండీలో మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి గింజలు చల్లితే వారంలోపే మొలకలొస్తాయి. ఎండ బాగా తగలాలి, అడుగున నీళ్లు నిలవకూడదు. నెల దాటాక ఆకు కోతకొస్తుంది. మొక్కను పీకకుండా తల తుంచితే పక్క కొమ్మలు వేసి మళ్లీ మళ్లీ ఇస్తుంది. పగటిపొద్దు తగ్గేకొద్దీ పూతకొచ్చి ఆకు పలచబడుతుంది కాబట్టి ఆలోపే పచ్చడి పెట్టుకోవాలి. పిండినల్లి కనిపిస్తే లీటరు నీటిలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీళ్లు కలిపి చల్లితే సరి.

ఇక కోత. పొద్దున మంచు ఆరాక కోసి, కడిగి, పొడిగుడ్డ మీద నీడలో ఆరబెట్టాలి. చేత్తో పట్టుకుంటే తడి తగలకూడదు. బూజుకూ, కుళ్లబెట్టే సూక్ష్మజీవులకూ బతకడానికి నీరు కావాలి. అది దొరక్కుండా చేయడమే నిల్వ పచ్చడిలోని అసలు పని.

అరకిలో ఆకుకు పావులీటరు నువ్వులనూనె, 75 గ్రాముల చొప్పున ఎండుమిర్చి, ఉప్పు, 100 గ్రాముల చింతపండు మా ఇంటి కొలత. కాగిన నూనెలో ఆకు వేయగానే వచ్చే చిటపటలు ఆకులో మిగిలిన నీరు ఆవిరవుతున్న చప్పుడే. అవి సద్దుమణిగి, ముద్ద అంచుల్లో నూనె తేలేదాకా ఓపిగ్గా వేయించాలి. చింతపండును నీళ్లలో నానబెట్టకండి. వేడి గోంగూర మధ్యలో పెట్టి మూత వేస్తే ఆ వేడికే మెత్తబడుతుంది. వేయించిన మిర్చి, మెంతులు, ఆవాలు, ఉప్పు దంచి ఆ గోంగూరలో కలిపి, చల్లారాక ఇంగువ తాలింపు వేస్తే పచ్చడి సిద్ధం.

ఆకును వేయించినా తేమ పూర్తిగా పోదు. ఆ మిగిలిన కాస్త నీటినీ ఉప్పు పట్టి ఉంచి, సూక్ష్మజీవులకు అందనివ్వదు. గోంగూర, చింతపండు పులుపు వాటికి సరిపడదు. పైన తేలే నూనె గాలి సోకనివ్వక బూజును ఆపుతుంది. నూనె ఒక్కటే కాపాడుతుందనుకుని ఉప్పు, పులుపు తగ్గిస్తే మాత్రం ప్రమాదం. గాలి లేనిచోట పెరిగే విషక్రిములూ ఉన్నాయి, వాటిని అణచేది ఆ పులుపే. ఈ పులుపు ఇనుము, అల్యూమినియం పాత్రలను తింటుంది కాబట్టే మన పెద్దలు పింగాణీ జాడీని నమ్ముకున్నారు. కిడ్నీలో రాళ్లున్నవారు మాత్రం గోంగూరను మితంగా తినాలి, ఇందులో ఆక్సలేట్లు ఎక్కువ.

తడి గరిటె జాడీలో పెడితే అమ్మమ్మలు ఎందుకంత కేకలేసేవారో ఇప్పుడు తెలుస్తోంది కదా! ఒక్క చుక్కతో నెలల శ్రమ పోతుందని వాళ్లకు అనుభవం చెప్పింది. ఈ తొలకరికి గుప్పెడు గింజలు చల్లండి. శీతాకాలంలో ఆ జాడీ మూత తీసి, వేడన్నంలో కలిపిన మొదటి ముద్ద తినేటప్పుడు, రోజూ సాయంత్రం కుండీకి పోసిన నీళ్లు గుర్తొస్తాయి.