నెలకో కొత్త హోటల్.. ఈసారి బిస్సీ

జీతం పడ్డాక వచ్చే మొదటి శనివారం, బడి వదిలిన తర్వాత మేము ఆరుగురం ధామన్కర్ నాకా ఫ్లైఓవర్ కింద కలుస్తాం. తలా 250 రూపాయలు వేస్తాం. మిగిలితే వచ్చే నెలకు జమ. డబ్బు దాచేది మా బడిలో మరాఠీ చెప్పే బాయి. ఏ హోటల్‌కు వెళ్లాలో ఎక్కువసార్లు తేల్చేది పక్క ఉర్దూ బడి సార్. మిగతా నలుగురం తెలుగు మాధ్యమం వాళ్లం. నియమం ఒక్కటే: ఒకసారి తిన్నచోట మళ్లీ తినకూడదు. కొత్తగా తెరిచినదై ఉండాలి, లేదా మాకు కొత్తదై ఉండాలి.

మూడేళ్లుగా ఈ అలవాటు సాగుతోంది. భివండీలో కొత్త హోటళ్లకు కరువు లేదు. మాన్కోలి, రాజ్నోలీ వైపు గోదాములు పెరిగాయి. వాటిలో పనిచేసే కుర్రవాళ్లు సాయంత్రమైతే నాలుగు డబ్బులు ఖర్చు పెట్టి ఏదైనా కొత్తది తినాలనుకుంటారు. వాళ్లను నమ్ముకుని ఒక షట్టర్‌లో చైనీస్, పక్క షట్టర్‌లో తందూరీ, ఆ పక్కన మాల్వణీ చేపల కూర వెలుస్తున్నాయి. ఆరు నెలలకు బోర్డు మారిపోయేవీ ఉన్నాయి.

తిండిలో ఊరి చరిత్ర

మొదట్లో మాకు ఇది కాలక్షేపమే. పోనుపోను, ఏ పళ్లెం ఎక్కడి నుంచి వచ్చిందో గమనించడం మొదలైంది. ఇక్కడి బిర్యానీలో ఆలుగడ్డ ఉంటుంది. అది ముంబయి పద్ధతి. మనవాళ్లకు బిర్యానీలో ఆలుగడ్డ కనిపిస్తే ఏదో మోసం జరిగినట్టు అనిపిస్తుంది. ఒకసారి ‘హైదరాబాదీ దమ్’ అన్న బోర్డు చూసి ఆశగా వెళ్లాం. ఆలుగడ్డ లేదు, రుచి కూడా బాగానే ఉంది. వంటాయనను మీదే ఊరని అడిగితే ‘బస్తీ’ అన్నాడు. హైదరాబాద్‌లో ఏ బస్తీ అని అడిగాం. ఆయన నవ్వి, బస్తీ అంటే ఉత్తరప్రదేశ్‌లో ఒక జిల్లా అన్నాడు.

భివండీ అంటేనే అంత. కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి నేతపని వాళ్లు బతుకుదెరువుకు వచ్చారు. ఉత్తరప్రదేశ్, బీహార్ నుంచి కూలీలు వచ్చారు. 1982 జనవరిలో దత్తా సామంత్ నాయకత్వంలో ముంబయి మిల్లు కార్మికుల సమ్మె మొదలైంది. ఆ తర్వాత అక్కడి మిల్లులు కోలుకోలేదు, ఇక్కడి సాంచాల చప్పుడు పెరిగింది. వచ్చినవాళ్లు తలా ఒక వంట వెంట తెచ్చుకున్నారు. కానీ ఇన్ని బోర్డుల మధ్య తెలంగాణ ఇంటి వంట పేరుతో ఉన్న బోర్డు మా మూడేళ్ల తిరుగుడులో ఒక్కటీ కనబడలేదు. పద్మానగర్‌లో అడుగడుగునా తెలుగు వినిపిస్తుంది. పచ్చిపులుసు మాత్రం ఇళ్లలోనే ఉండిపోయింది.

బిల్లుతో శాతాలు

ఒక హోటల్‌లో మా బిల్లు 1,240 రూపాయలు అయింది. దానికి 10 శాతం సర్వీస్ ఛార్జీ 124 కలిపారు. ఆ మొత్తం మీద 5 శాతం జీఎస్టీ వేసి 1,432 రూపాయల 20 పైసలు చేశారు. బాయి ఊరుకోలేదు. సర్వీస్ ఛార్జీ ఇష్టమైతేనే ఇవ్వాలని, దాన్ని బిల్లులో తమంత తాము కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మాట నెమ్మదిగా చెప్పగానే తీసేశారు. అప్పుడు జీఎస్టీ 62 రూపాయలు, మొత్తం 1,302. ఆరుగురికి తలా 217.

ఆ రెండు బిల్లులనూ సోమవారం ఏడో తరగతికి తీసుకెళ్లాను. నేను చెప్పేది తెలుగు, సాంఘికశాస్త్రం. అయినా లెక్కల సార్ నాకు ఒక పీరియడ్ ఇచ్చారు. సీజీఎస్టీ 31, ఎస్‌జీఎస్టీ 31 అని విడిగా ఎందుకు రాశారు? ఒకటి కేంద్రానికి, ఒకటి రాష్ట్రానికి. ఆకుపచ్చ చుక్క ఉంటే శాకాహారం, గోధుమరంగు త్రికోణం ఉంటే మాంసాహారం. గోడ మీది 14 అంకెల సంఖ్య ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అనుమతిది. శాతాల పాఠం పుస్తకంలో చదివినప్పటి కంటే పిల్లలు ఎక్కువగా నోరు విప్పారు.

ఆ ఉత్సాహంతో ఇంటిపని ఇచ్చాను. ‘మీ ఇల్లే ఒక హోటల్ అనుకోండి. మెనూ కార్డు తెలుగులో రాసుకురండి.’ మరునాడు 19 మందిలో 18 మంది తెచ్చారు. సర్వపిండి, జొన్నరొట్టె, పచ్చిపులుసు, పిట్ల, అంబలి. జొన్నరొట్టె పక్కన ఒకడు ‘భాకరీ’ అని మరాఠీలో కూడా రాశాడు. ఒక్క అమ్మాయి మాత్రం తెల్ల కాగితం ఇచ్చింది. ఆమె తరచూ మొదటి పీరియడ్ దాటాకే వస్తుంది. గద్దించబోయి ఆగి, ఏమైందని అడిగాను. తలొంచుకుని, ‘మా ఇంట్ల నిజంగనే అమ్ముతరు సార్. హోటల్ అని రాస్తే అందరు నవ్వుతరు’ అంది.

వాళ్లది బిస్సీ. భివండీ బయటివాళ్ల కోసం చెప్పాలి: సాంచాల మీద పనిచేసే ఒంటరి మగవాళ్లు నెలకు ఇంతని కట్టి రెండు పూటలా తినే చోటు అది. బోర్డు ఉండదు, మెనూ ఉండదు. సాంచాలు 12 గంటల పాళీల మీద నడుస్తాయి కాబట్టి పాళీ మారే వేళకు వంట సిద్ధంగా ఉండాలి. పొద్దున రొట్టెలు చేసి ఇచ్చాకే ఈ పిల్ల బడికి రాగలుగుతోంది. ఏడాదిగా నా హాజరు పట్టీలో ఆమె పేరు ఎదుట పడుతున్న ఆలస్యపు గుర్తులకు కారణం అప్పటిదాకా నేను అడగనే లేదు.

చాప మీద ఆరుగురం

ఆ నెల కొత్త హోటల్ ఏదని బాయి అడిగితే ఈ సంగతి చెప్పాను. ముందుగా పిల్లను అడిగాం, తర్వాత ఆమెతో తల్లికి కబురు పంపాం. వెళ్లేసరికి ఆమె గుమ్మంలోనే కంగారుపడింది. ‘గిది హోటల్ గాదు సారూ. మీరు గిక్కడ కింద కూసుంటరా?’ అంది. కూర్చున్నాం. స్టీలు పళ్లేల్లో అన్నం, పప్పు, వంకాయ కూర, జొన్నరొట్టె, పచ్చిపులుసు. చపాతీలు కూడా ఉన్నాయి. ‘మనోళ్లు అన్నం అడుగుతరు, భయ్యాలు రోటీ అడుగుతరు. ఈడికొచ్చినంకనే నేర్చుకున్న’ అంది. ఉర్దూ బడి సార్ పచ్చిపులుసు రెండోసారి పోయించుకున్నారు.

తిన్నాక గోడకు వేలాడుతున్న నోటుపుస్తకం తీసి చూశాను. అమ్మాయి చేతిరాత. ఒక్కొక్కరికి ఒక్కో పేజీ, తిన్న పూటకు ఒక గీత. తినని పూటను ఇక్కడ ‘ఖాడా’ అంటారు. ముందటి పూటకే చెబితే ఖాడా కొట్టేస్తారు, చెప్పకపోతే లేదు. ‘ఎట్లా లెక్క కడతావు బిడ్డా?’ అన్నాను. ‘నెలకు 2,700 సార్. 60 పూటలు. పూటకు 45. ఈయన ఏడు పూటలు ఖాడా, 315 తీసేసిన. 2,385 ఇయ్యాలె.’ కాగితం ముట్టలేదు. ఏకవస్తు పద్ధతి పరీక్షలో ఇదే పిల్లకు 20కి 6 మార్కులు వచ్చాయి. లెక్కల సార్ నా వైపు చూసి ఏమీ అనలేదు.

తల్లి మాటల్లో అసలు విషయం బయటపడింది. ‘ఏడు అయినంక బంద్ చేపిద్దామనుకుంటున్న సారూ. నాకు ఒక చెయ్యి ఆసరా గావాలె.’ 14 ఏళ్ల దాకా చదువు పిల్లల హక్కు అని 2009 చట్టం చెబుతోంది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. అవి నాకు నోటికొచ్చు. ఆమె ఎదుట మాత్రం రొట్టెల పిండి ఉంది. అందుకే చట్టం గురించి మాట్లాడలేదు. నెలాఖరున లెక్క దగ్గర ఎవరైనా పేచీ పెడతారా అని అడిగాను. ‘మునుపు పెట్టేటోళ్లు. ఇది రాయబట్టినంక ఎవ్వరు పెడ్తలేరు’ అంది. ఆ లెక్క ఇంకా ముందుకు పోవాలంటే పదో తరగతి దాకానైనా చదవాలన్నాను. పొద్దున మొదటి పీరియడ్ పాఠం మధ్యాహ్నం విడిగా చెబుతామని లెక్కల సార్ మాట ఇచ్చారు. ఆమె ‘చూద్దాం సారూ’ అంది. ఒప్పుకున్నట్టూ కాదు, కాదన్నట్టూ కాదు.

ఇది చదివే ఉపాధ్యాయ మిత్రులకు ఒక్క మాట. సోలాపూర్‌లో కావచ్చు, ముంబయిలో కావచ్చు, మీ వీధిలో కొత్త హోటల్ తెరిస్తే వెళ్లండి. బిల్లు దాచి తరగతికి తీసుకెళ్లండి. ‘మీ ఇంటి మెనూ’ రాయించండి. తెల్ల కాగితం ఇచ్చిన పిల్లను మాత్రం నాలాగా ఏడాది ఆలస్యంగా అడగకండి.

మేము బయలుదేరేటప్పుడు తల్లి డబ్బు తీసుకోనంది. బాయి చేయి చాచి నిలబడే ఉన్నారు. ఈలోగా అమ్మాయి నోటుపుస్తకంలో కొత్త పేజీ తెరిచి రాసేసింది: ‘సార్లు, బాయి. 6 పూటలు. 270.’ రాసింది గనుక తల్లి తీసుకోక తప్పలేదు. మా డబ్బాలో చాలా మిగిలింది. ఒకచోట రెండోసారి తినకూడదన్న నియమాన్ని ఆ పేజీ కోసం సడలించుకున్నాం. జూన్‌లో ఎనిమిదో తరగతి పట్టీ రాసేటప్పుడు ఆ పేరు అందులో ఉంటుందా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.