చార్మినారు రూపాయి – సేకర్తల అభిరుచులు

ఒకే రూపాయి బిళ్ళను నలుగురు సేకర్తల ముందుంచినచో, నలుగురును దానిని నాలుగు విధముల చూతురు. ఒకరు దాని అంచును తడిమి చూతురు. ఒకరు దానిపై నున్న సంవత్సరమును చదువ యత్నింతురు. ఒకరు మెరుగు తగ్గలేదని సంతోషింతురు. వేరొకరు అరిగిన అక్షరములను చూచి, ఇది ఎన్ని చేతులు మారినదో గదా యని మురిసిపోవుదురు. పుర్రెకొక బుద్ధి, జిహ్వకొక రుచి యను సామెత సేకరణ విషయమున అక్షరాల నిజము. అయితే ఈ రుచులు ఊరక పుట్టినవి కావు. పాత వస్తువునందు విలువ ఎచ్చట నున్నది అను ప్రశ్నకు ప్రతి అభిరుచియు ఒక సమాధానము. ఆ సమాధానములను, మన ప్రాంతపు నాణెమునే ఉదాహరణముగా గైకొని, మేము ఈ ప్రసంగమున వివరింపదలచితిమి.

బాన్సువాడకు సమీపమున నున్న నస్రుల్లాబాదు 2016 నుండి కామారెడ్డి జిల్లాలో మండల కేంద్రము. అంతకు పూర్వము నిజామాబాదు జిల్లాలోనిది. మంజీరానదిపై 1923 మొదలు 1931 వరకు నిర్మింపబడిన నిజాంసాగరము ఈ ప్రాంతమునకు వరి పొలములను, చెరకు తోటలను ఇచ్చినది. ఆ కాలమున ఇక్కడి రైతు ధాన్యమమ్మినను, కూలివాడు మట్టి మోసినను, సంతలో ఉప్పు కొన్నను, చేతులు మారినది హాలీ సిక్కా. బ్రిటిషు ఇండియా రూపాయిని మనవారు కల్దారు అనెడివారు. సుమారు ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానము. 1950లో భారత రూపాయి ఇచ్చట ప్రవేశించిన పిదపను హాలీ నాణెములు కొంతకాలము చెల్లినవి. 1959తో వాని చెలామణి ముగిసినది. అప్పుడు పదేండ్ల బాలురుగా ఆ నాణెముతో మిఠాయి కొన్నవారు నేడు డెబ్బదియైదేండ్లు దాటిన పెద్దలు. అందువలన ఈ నాణెములను గూర్చి అడిగి తెలిసికొనుటకు మిగిలిన కాలము స్వల్పము.

మొదట ఆ నాణెమును చదువుట ఎట్లో చూతము. 1903లో హైదరాబాదులోని సైఫాబాదు టంకశాల నుండి యంత్రములపై ముద్రింపబడిన రూపాయిలు వెలువడసాగినవి. వానిపై ఒకవైపు చార్మినారు బొమ్మ, దాని చుట్టును నిజాముల బిరుదములు, పైభాగమున 92 అను అంకె కానవచ్చును. అరబ్బీ అక్షరములకు సంఖ్యావిలువలు కట్టు పద్ధతి ననుసరించి ముహమ్మద్ అను నామము యొక్క మొత్తము 92. రెండవవైపు నాణెపు విలువ, టంకశాల నగరము పేరు, పాలకుని పట్టాభిషేక సంవత్సరముల లెక్క ఉండును. సంవత్సరము హిజ్రీ శకమున, పారశీక లిపి అంకెలలో ఉండును. హిజ్రీ సంవత్సరము చాంద్రమానమైనందున మన సంవత్సరము కంటె సుమారు 11 దినములు తక్కువ. కావున హిజ్రీ సంఖ్యను 0.97 చే గుణించి 622 కలిపినచో క్రీస్తుశకము వచ్చును. 1330ని ఇట్లు లెక్కించినచో సుమారు 1912 అగును.

ఇక అభిరుచులకు వత్తము. మొదటి తెగవారు సంవత్సరముల పిపాసులు. వీరికి ప్రతి సంవత్సరపు నాణెము ఒక్కొక్కటి కావలెను. వరుసలో ఒక్కటి లోపించినను వీరికి నిదుర పట్టదు. ఉన్న ముప్పది నాణెములు ఇచ్చు ఆనందము కంటె లేని ఒక్క నాణెము పెట్టు బాధయే వీరికి ఎక్కువ. చూచువారికి ఇది చాదస్తముగా తోచును. కాని చరిత్రకు ఇట్టి చాదస్తమే ఉపకరించును. వరుసగా పేర్చినప్పుడే మార్పులు కంటికి తెలియును. సామాన్యముగా ఈ రూపాయిలో వెండి నూటికి 80 పాళ్ళకు పైగా ఉండెడిది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున వెండి కరవై, ఆ పాలు సగమునకు తగ్గినది. ఎక్కడనో యూరపులో జరిగిన యుద్ధము బాన్సువాడ సంతలోని బిళ్ళను ఎట్లు తాకినదో, వరుసలు పేర్చినవాని పళ్ళెరము చెప్పగలదు.

రెండవ తెగవారు అక్షరశోధకులు. చార్మినారు బొమ్మలోని నడిమి ద్వారమున ఒక చిన్న అక్షరము కలదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాను కాలపు నాణెములపై అది ‘మీము’. ఆయన పేరులోని తొలి అక్షరము. 1911లో ఆయన మరణింపగా మీర్ ఉస్మాన్ అలీఖాను గద్దెనెక్కెను. అప్పటినుండి ద్వారమున ‘ఐను’ నిలిచినది. ఆయన పాలన తొలి సంవత్సరముల నాణెములలో కొన్నింటిపై ఈ ఐను అసంపూర్ణముగాను, కొన్నింటిపై సంపూర్ణముగాను ఉన్నది. ఆ తేడా ఒక గింజంత. కాని శోధకుడు భూతద్దము చేతబట్టి ఆ గింజకొరకే వందల నాణెములను తిరుగవేయును. వెండి తూకమున రెండును ఒక్కటే. అతని దృష్టిలో అవి రెండు వేరువేరు నాణెములు.

మూడవ తెగవారు నిష్కళంక ప్రియులు. గీత పడరాదు, అంచు నొక్కుకొనరాదు, మెరుగు చెడరాదు. ఇట్టివారి మనసు తెలియక మన ఇండ్లలో జరుగు పొరపాటు ఒకటి కలదు. పాత నాణెము దొరకగానే చింతపండుతోనో, బూడిదతోనో తోమి తళతళలాడించుట మనకు అలవాటు. పాత్రకు అది మంచిదే కాని, నాణెమునకు హాని. వెండి గాలిలోని గంధక సంబంధమైన వాయువులతో కలిసి నల్లబడును. ఆ నలుపు ఏండ్ల తరబడి సమముగా ఏర్పడిన పలుచని పొర. రాపిడితో దానిని తీయునప్పుడు కొంత లోహము కూడ పోవును. కంటికి కనబడని గీతలు వేలకొలది పడును. తోమిన నాణెమును చూడగానే ఎరిగినవాడు ప్రక్కకు త్రోయును. కావున నల్లబడిన నాణెమును నల్లగనే ఉండనిండు. మెత్తని పి.వి.సి. ప్లాస్టికు సంచులలోను దాచకుడు. కాలక్రమమున వానినుండి వెలువడు పదార్థములు నాణెమునకు ఆకుపచ్చని జిగురు పట్టించును. పొడి కాగితపు కవరు చాలును.

నాలుగవ తెగవారి అభిరుచి దీనికి పూర్తిగా విరుద్ధము. మన పల్లెలలో వెండి రూపాయి ధనము మాత్రమే కాదు, నగ కూడ. అవుసలి దానికి కొండి అతికి ఇచ్చెడివాడు. దారమునకు గ్రుచ్చి పేరుగా మెడలో వేసికొనెడివారు. తండాలలోని లంబాడీ స్త్రీల ఆభరణములలో నాణెములకు గల స్థానము అందరెరిగినదే. కొండి అతికిన నాణెము నిష్కళంక ప్రియునకు పనికిరానిది. దాని అంచు చెడినది, బొమ్మ అరిగినది, వెలయు తగ్గినది. కాని కొందరు సేకర్తలు అట్టివానినే ఏరికోరి తెచ్చుకొందురు. టంకశాల నుండి సంచిలో బయలుదేరి సంచిలోనే ఉండిపోయిన నాణెము టంకశాల చరిత్రను మాత్రమే చెప్పును. మెడలో వ్రేలాడిన నాణెము ఒక కుటుంబపు చరిత్రను కూడ చెప్పునని వారి వాదము. కరవు వచ్చినప్పుడు పేరునుండి ఒక్కొక్క బిళ్ళ ఊడదీసి అమ్ముకొన్న ఇల్లాండ్రకు ఆ పేరే బ్యాంకు.

తపాలా బిళ్ళలు సేకరించువారియందును ఇదే భేదము. హైదరాబాదు సంస్థానమునకు 1869 నుండి సొంత తపాలా బిళ్ళలుండెడివి. 1931లో వెలువడిన వరుసలో అణా బిళ్ళపై చార్మినారు, రెండణాల బిళ్ళపై హైకోర్టు, నాలుగణాల బిళ్ళపై ఉస్మాన్‌సాగరు, ఎనిమిదణాల బిళ్ళపై అజంతా గుహల ద్వారము, పండ్రెండణాల బిళ్ళపై బీదరులోని విద్యాలయము, రూపాయి బిళ్ళపై దౌలతాబాదు విజయస్తంభము ముద్రింపబడినవి. ముద్ర పడని కొత్త బిళ్ళను కోరువారు కొందరు. అదే బిళ్ళపై తమ ఊరి తపాలా కార్యాలయపు ముద్ర స్పష్టముగా పడి యుండవలెనని కోరువారు మరికొందరు. మొదటివానికి నల్లని ముద్ర మచ్చ. రెండవవానికి అదే ప్రాణము.

ఈ విచిత్రములు మనకు మాత్రమే సొంతములు కావు. అమెరికాలో బేస్‌బాల్ ఆటగాండ్ర బొమ్మలున్న అట్టముక్కలను సిగరెట్టు పెట్టెలలోను, పిదప మిఠాయి పొట్లములలోను ఉంచి అమ్మెడివారు. 1909–1911 నడుమ వెలువడిన వరుసలో హోనస్ వాగ్నరు అను ఆటగాని బొమ్మ కొలదిగా మాత్రమే బయటికి వచ్చినది. దాని ముద్రణ నిలిచిపోవుటకు కారణమును గూర్చి భిన్నాభిప్రాయములు కలవు గాని, మిగిలినవి సుమారు అరువది మాత్రమే. ఇక 1952లో టాప్స్ కంపెనీ ముద్రించిన మికీ మాంటిల్ బొమ్మ గలది ఒకటి 2022 ఆగస్టులో 126 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. ఆ వరుసలో అమ్ముడుపోక మిగిలిన అట్టలను 1960లో పడవకెత్తి అట్లాంటిక్ సముద్రమున పారబోయించితినని ఆ కంపెనీ ఉద్యోగియైన సై బెర్గరు చెప్పియున్నాడు. పారవేసిన చెత్తయే అరువది యేండ్లకు ఐశ్వర్యమైనది.

మన హైదరాబాదు నోట్లకు ఇందుకు విపర్యయమైన కథ కలదు. ఇంగ్లండులో ముద్రింపబడిన ఆ నోట్లు, బంగారము, వెండితో కూడ ఈజిప్టు అను ఓడలో బొంబాయికి బయలుదేరినవి. 1922 మే 20న ఫ్రాన్సు తీరమున పొగమంచులో మరియొక ఓడ ఢీకొని ఈజిప్టు మునిగినది. పదేండ్ల తరువాత ఆర్తిల్యో అను ఇటలీ ఓడలోని గజయీతగాండ్రు నూరు మీటర్లకు మించిన లోతునుండి ఆ సంపదను వెలికితీసినప్పుడు, తడిసి రంగుమారిన నిజాము నోట్లును పైకి వచ్చినవి. అవి బజారులో ఏనాడును చెల్లలేదు. అయినను, మరకలే వాని యోగ్యతాపత్రమని సేకర్తలు వానిని ప్రీతితో కొందురు.

మరి ఇన్ని రుచులలో ఏది శ్రేష్ఠము? అమెరికాలోని జెఫర్సన్ బర్డిక్ జీవితము ఒక దారి చూపును. ఆయన ధనికుడు కాడు, కీళ్ళవ్యాధితో బాధపడినవాడు. మూడు లక్షలకు పైగా అట్టముక్కలను సేకరించి, న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమునకు ఉచితముగా నిచ్చెను. అంతటితో విడువక, ఏండ్ల తరబడి అచ్చట కూర్చుండి వానిని ఆల్బములలో అతికి, తరగతులుగా విభజించెను. వాగ్నరు బొమ్మ గల వరుసను నేడు టి-206 అని పిలుచుట ఆయన పెట్టిన సంఖ్యను బట్టియే. 1963 జనవరిలో ఆ పని ముగిసెను. మార్చిలో ఆయన మరణించెను. అట్టల వెల కంటె వాని క్రమమును, వివరమును మిన్నగా నెంచిన అభిరుచి ఆయనది.

మా దృష్టిలో గృహస్థులకు తగిన అభిరుచి ఇదియే. పెట్టెలో నాలుగు హాలీ బిళ్ళలున్నచో, వాని వెల విచారించుటకు ముందు ఇంటి పెద్దల నడుగుడు. ఇది ఎవరిది, ఏ పంట అమ్మగా వచ్చినది, ఎవరి పెండ్లిలో ఎవరు పెట్టినది? ఆ సంగతిని ఒక కాగితముపై వ్రాసి, తేదీ వేసి, నాణెముతో కలిపి కవరులో ఉంచుడు. వెండి ధర పెరిగినదని కరగించినచో చేతికి వచ్చునది సుమారు 11 గ్రాముల బిళ్ళలోని వెండి వెల మాత్రమే. పోవునది మరల రాదు.

చట్టమును కూడ ఎరిగియుండుట మేలు. పొలము దున్నునప్పుడో, పునాది త్రవ్వునప్పుడో 10 రూపాయలకు మించిన విలువగల నిధి దొరికినచో, 1878 నాటి నిధుల చట్టము ననుసరించి కలెక్టరుకు తెలియజేయవలెను. నూరేండ్లు నిండిన నాణెము 1972 నాటి చట్టము ప్రకారము పురావస్తువు. దానిని విదేశములకు పంపుట నిషిద్ధము. మీము అక్షరము గల చార్మినారు రూపాయిలన్నియు ఇప్పటికే నూరేండ్లు దాటినవి.

సంవత్సరములు పేర్చువాడు, అక్షరము వెదకువాడు, మెరుగు కోరువాడు, కొండి బిళ్ళను ముద్దాడువాడు, అందరును తమ తమ రీతుల కాలమును కాపాడువారే. ఒకరి రుచిని మరియొకరు పరిహసింపనక్కరలేదు. కాని నాణెము అద్దాల పెట్టెలో మిగిలి, దానిని వాడిన వారి మాట మిగులకపోయినచో, ఆ సేకరణ సగమే. మిగిలిన సగము ఈ సాయంకాలము మీ ఇంటి వసారాలోనే కూర్చుండి యుండవచ్చును, వెళ్ళి అడుగుడు.