మలేరియా వార్డులో ఒకే పద్ధతి ఎందుకు?

వికారాబాద్ జిల్లా దోమ మండలంలో ఒకరికి చలిజ్వరం వచ్చిందనుకుందాం. ఆశా కార్యకర్త వేలి నుంచి రక్తపు చుక్క తీసి కిట్‌తో పరీక్షిస్తుంది. మలేరియా అని తేలితే మాత్రలు మొదలవుతాయి. జబ్బు ముదిరితే వికారాబాద్‌కో తాండూరుకో పంపుతారు. అంటే ఒకే రోగి పలువురి చేతులు మారతాడు. వారంతా ఒకే వరుసలో పనిచేయడానికి ఉపయోగపడేదే ప్రామాణిక సంరక్షణ ప్రణాళిక (ఏ పరీక్ష, ఏ మందు, ఏ గంటకు ఏమి చూడాలో ముందే రాసిపెట్టిన పత్రం).

ఇప్పుడు దీని అవసరం ఏమిటి? తెలంగాణలో మలేరియా ఎక్కువగా కనిపించేది భద్రాద్రి కొత్తగూడెం, ములుగు వంటి అటవీ జిల్లాల్లో. 2030 నాటికి దేశంలో మలేరియా లేకుండా చేయాలన్నది లక్ష్యం. కేసులు తగ్గేకొద్దీ ఆ జబ్బుకు వైద్యం చేసిన అనుభవమూ తగ్గుతుంది. వానాకాలం జ్వరమంటే అందరూ ముందు డెంగీని అనుమానించి ప్లేట్‌లెట్లు చూస్తారు. మలేరియాలోనూ ప్లేట్‌లెట్లు పడిపోతాయి. అందుకే ప్రణాళికలో మొదటి మెట్టు మలేరియా రక్తపరీక్ష.

రెండో మెట్టు రకం తేల్చడం. వైవాక్స్ రకానికి క్లోరోక్విన్ మూడు రోజులు ఇస్తారు. కాలేయంలో దాగిన పరాన్నజీవి మళ్లీ తిరగబెట్టకుండా ప్రైమాక్విన్ 14 రోజులు వాడాలి. గర్భిణులకు, పసికందులకు ఇది ఇవ్వరు. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్ తక్కువగా ఉండడం) ఉన్నవారిలో ఈ మందు రక్తకణాలను పగలగొట్టగలదు. ఫాల్సిపారం రకానికి ఆర్టిమిసినిన్ మిశ్రమ చికిత్స చేస్తారు.

రోగికి స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా, ఆయాసం పెరిగినా అది తీవ్ర మలేరియా. అప్పుడు ఆర్టిసునేట్ ఇంజెక్షన్ ఇస్తారు. పెద్దలకు కిలో బరువుకు 2.4 మిల్లీగ్రాములు. చేరగానే ఒకటి, 12 గంటలకు ఒకటి, 24 గంటలకు ఒకటి, ఆపై రోజుకొకటి. 50 కిలోల మనిషికి ఒక్కో మోతాదు 120 మిల్లీగ్రాములు, అంటే 60 మిల్లీగ్రాముల సీసాలు రెండు. పొడిని కలిపిన వెంటనే ఎక్కించాలి, నిల్వ ఉంచకూడదు. మన దేశంలోని రోగులూ పాల్గొన్న ఒక ఆసియా అధ్యయనం, క్వినైన్‌తో పోలిస్తే ఈ మందుతో మరణాలు దాదాపు మూడో వంతు తగ్గాయని 2005లో చూపింది.

మందు ఒక్కటే చాలదు. తీవ్ర మలేరియాలో రక్తంలో చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. అప్పుడు రోగి మగతగా పడి ఉంటే, నిద్రపోతున్నాడని ఇంటివాళ్లు అనుకుంటారు. సెలైన్ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, తక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. అందుకే నర్సు చక్కెర, మూత్రం, స్పృహ, శ్వాస వేళకు చూసి కేస్ షీట్‌లో రాయాలి. అర్ధరాత్రి డ్యూటీ మారినా, తర్వాత వచ్చినవారికి ఏ గడి ఖాళీగా ఉందో కనిపిస్తుంది.

చివరి మెట్టు డిశ్చార్జి. ఆర్టిసునేట్ తీసుకున్న కొందరిలో కొన్ని వారాల తర్వాత కూడా రక్తం తగ్గవచ్చు, కాబట్టి మళ్లీ పరీక్షకు రావాలి. జ్వరం తగ్గిందని ప్రైమాక్విన్ మధ్యలో మానేసే రోగులూ ఉంటారు. అందుకే డిశ్చార్జి సమాచారం ఆ ఊరి ఆశా కార్యకర్తకు చేరాలి.

ఈ పత్రం డాక్టరు ఆలోచనకు బదులు కాదు. రోగి పరిస్థితిని బట్టి డాక్టరు దాన్ని మార్చవచ్చు, కారణం మాత్రం రాయాలి. ఇంటివాళ్లు అడగాల్సినవి మూడే: ఏ రకం మలేరియా, మాత్రలు ఎన్ని రోజులు, మళ్లీ ఎప్పుడు రావాలి?