పెళ్లి కానుకల సొమ్ముకు పూచీ ఎవరిది?

బ్రిటన్‌లో వధూవరులు తమకు కావలసిన సామాన్ల పట్టికను ఒక సంస్థకు అప్పగిస్తే, అతిథులు అందులో నచ్చినదాన్ని ఎంచుకొని ఖరీదును ఆ సంస్థకే చెల్లించడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. తెలుగువారి చదివింపులు పందిట్లోనే పెళ్లివారి చేతికి చేరి పుస్తకంలోకి ఎక్కుతాయి. అక్కడ మాత్రం సామాను ఇంటికి వచ్చేదాకా డబ్బు సంస్థ దగ్గరే ఉండిపోతుంది. 2008 ఆగస్టులో రాపిట్ అనే సంస్థ దివాలా తీసినప్పుడు సుమారు 2,000 జంటలు చిక్కుల్లో పడడానికి మూలం ఇదే. సొమ్మును విడిగా భద్రపరచకపోతే జంట కూడా మామూలు అప్పులవాళ్ల వరుసలో నిలబడవలసిందే. అందువల్ల ఆ సొమ్ము ట్రస్టు ఖాతాలో, అనగా సంస్థ తన బాకీలకు వాడుకోవడానికి వీల్లేకుండా ఇతరుల తరఫున వేరుగా ఉంచిన ఖాతాలో, జమవుతుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవడం అవసరం. వస్తువు ధర 100 పౌండ్లకు మించి 30,000 పౌండ్లలోపు ఉండి, క్రెడిట్ కార్డుతో చెల్లించినట్లయితే, 1974 నాటి వినియోగదారుల రుణ చట్టంలోని 75వ సెక్షను ప్రకారం కార్డు ఇచ్చిన బ్యాంకు కూడా బాధ్యత వహిస్తుంది. అయితే ఆ హక్కు డబ్బు చెల్లించిన అతిథిదే గనుక, కానుక అందలేదని బంధువులకు చెప్పడం ఎంత ఇబ్బందిగా ఉన్నా, కొత్త దంపతులు మొహమాటం పక్కనపెట్టి వెంటనే చెప్పాలి.