నర్సమ్మ చేతికి మందుల చీటీ

అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ పరీక్ష.. మనవైపు అమ్మాయిలకు అసలు కష్టం ఎక్కడ?

బీపీకి లిసినోప్రిల్ మాత్ర మొదలుపెట్టి మూడు వారాలైంది. పేషెంటుకు పొడిదగ్గు పట్టుకుంది. జ్వరం లేదు, ఆయాసం లేదు. ఛాతీ శుభ్రంగా ఉంది. ఇప్పుడేం చేయాలి?

హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో వార్డు డ్యూటీలో ఉన్న నర్సు అయితే డాక్టరుకు చెబుతుంది. ఆయన రాసింది ఇస్తుంది. అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ పరీక్షకు కూర్చున్న అమ్మాయికి ఆ వెసులుబాటు లేదు. తెర మీద ప్రశ్న, దాని కింద జవాబులు, చేతిలో నిమిషం పైన 12 సెకన్లు. దగ్గుమందు రాస్తే తప్పు. యాంటీబయాటిక్ రాస్తే ఇంకా తప్పు. దగ్గుకు కారణం ఆ బీపీ మాత్రేనని పట్టుకోవాలి. దాన్ని ఆపి లోసార్టన్ లాంటి వేరే రకానికి మార్చాలి. అడగడానికి పక్కన డాక్టరు ఉండడు. నిర్ణయం ఆమెదే!

చేయి తిరిగిన నర్సు కూడా తడబడే చోటు ఇదే. తెలియక కాదు.. 'ఇది నేను చెప్పొచ్చా?' అన్న సంకోచం వల్ల. పరీక్షకు తయారవడమంటే సగం చదువు, సగం ఆ సంకోచాన్ని వదిలించుకోవడమే.

పిల్లల వైద్యంతో మొదలు

ఈ కొలువు 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో పుట్టింది. లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి తొలి శిక్షణ మొదలుపెట్టారు. డాక్టర్లు దొరకని చోట పిల్లల్ని చూసేదెవరన్నదే అప్పటి ప్రశ్న. అనుభవమున్న నర్సుకు మరికొంత చదువు చెబితే ఆమే చూడగలదన్నది వారి నమ్మకం. ఫోర్డ్ 104 ఏళ్లు బతికి 2025 జనవరిలో కన్నుమూశారు. అప్పటికి అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్లు 4 లక్షలు దాటారు.

ఎన్ని మెట్లు ఎక్కాలి?

ఇక్కడ నర్సింగ్ పూర్తిచేసి నేరుగా ఈ పరీక్ష రాద్దామంటే కుదరదు. ముందు ఎన్‌క్లెక్స్ పాసై అక్కడ రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు తెచ్చుకోవాలి. ఆ తర్వాత అక్కడి గుర్తింపు ఉన్న కళాశాలలో మాస్టర్స్ గానీ డాక్టరేటు గానీ చదవాలి. మామూలుగా డిగ్రీ ఉన్నవారికే అందులో సీటు. అందుకే జీఎన్ఎంతో ఆగిన అమ్మాయిలు ఇక్కడే పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లూ పూర్తి చేసుకుని వెళితే మేలు.

చదువుతో పాటు పేషెంట్లను స్వయంగా చూసిన గంటల లెక్క ఉంటుంది. కనీసం 500 గంటలన్నది పాత మాట. 2022లో వచ్చిన జాతీయ ప్రమాణాలు దాన్ని 750కి పెంచాయి. ఇవన్నీ అయ్యాకే సర్టిఫికేషన్ పరీక్ష. అది పాసయ్యాక రాష్ట్రం ఇచ్చే లైసెన్సు.

పేరుతోనే పేచీ

సరిహద్దు కుటుంబాలకు పుస్తకం తెరవకముందే ఎదురయ్యే చిక్కు ఒకటుంది. పేరు! ఆంధ్ర పద్ధతిలో ఇంటిపేరు ముందుంటుంది. తమిళనాడు బడిలో చదివితే తండ్రి పేరు మొదటి అక్షరమే ఇనీషియల్. కర్ణాటకలో ఒక్కోసారి ఊరి పేరూ వచ్చి చేరుతుంది. పదో తరగతి సర్టిఫికెట్లో ఒకలా, నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌లో ఇంకోలా, పాస్‌పోర్టులో మరోలా ఉంటే ప్రతి మెట్టు దగ్గరా జాప్యమే. పరీక్ష కేంద్రంలో గుర్తింపు కార్డు మీది పేరూ, దరఖాస్తులోని పేరూ కలవకపోతే లోపలికే పంపరు.

దీనికి తోడు చదివింది ఒక రాష్ట్రంలో, రిజిస్ట్రేషన్ మరో రాష్ట్రంలో అయితే కాగితాలు రెండుచోట్ల నుంచీ కదలాలి. బెంగళూరులో రాజీవ్‌గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం, చెన్నైలో ఎంజీఆర్ వైద్య విశ్వవిద్యాలయం.. ఎక్కడి డిగ్రీకి అక్కడే ట్రాన్‌స్క్రిప్ట్. కూతురు విమానం ఎక్కాక ఈ తిరుగుడంతా ఇంటి దగ్గరున్న నాన్న మీద పడుతుంది. వెళ్లేముందే అన్నింటిలో పేరు ఒకేలా చేయించుకుంటే ఆ పెద్దాయనకు బస్సు ప్రయాణాలు తప్పుతాయి.

బోర్డులు రెండు.. సమయం ఒక్కటే

కుటుంబ వైద్యం చూసే ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ పరీక్షను ప్రధానంగా రెండు బోర్డులు పెడతాయి. ఏఏఎన్‌పీసీబీ పరీక్షలో 150 ప్రశ్నలు, 3 గంటలు. ఏఎన్‌సీసీలో 175 ప్రశ్నలు, మూడున్నర గంటలు. ఎలా లెక్కేసినా ప్రశ్నకు 72 సెకన్లే! మొదటిదాంట్లో 15, రెండోదాంట్లో 25 ప్రశ్నలు మార్కుల్లోకి రావు. అవేవో మాత్రం చెప్పరు. మొదటిదాంట్లో 800కు 500, రెండోదాంట్లో 500కు 350 స్కోరు వస్తే పాస్. ఏ రాష్ట్రమైనా రెండింటిలో ఏదైనా సరే. మొదటిది దాదాపుగా రోగం, మందు చుట్టూనే తిరుగుతుంది. రెండోదాంట్లో వృత్తి నియమాలు, పరిశోధన, చట్టం కూడా అడుగుతారు. ఎవరి బలాన్ని బట్టి వారు ఎంచుకోవచ్చు. దరఖాస్తు ముందు ఆ ఏటి హ్యాండ్‌బుక్ చూసుకోవడం మరవొద్దు.

తెలిసిన జబ్బే.. లెక్క వేరు

పారాసెటమాల్ అక్కడ ఎసిటమినోఫెన్, సాల్బుటమాల్ అక్కడ ఆల్బ్యుటెరాల్. ఇదంతా ఎన్‌క్లెక్స్ నాటికే అలవాటైపోతుంది. ఇబ్బంది బాగా తెలిసిన జబ్బుల దగ్గరే. క్షయ సంగతే చూడండి. చేతి మీద సూది వేసి రెండు మూడు రోజులకు చూసే పరీక్ష మన నర్సులకు కొత్త కాదు. అయితే అక్కడ కొలత మనిషిని బట్టి మారుతుంది. హెచ్ఐవీ ఉన్నవారికి 5 మిల్లీమీటర్లకే పాజిటివ్. క్షయ ఎక్కువగా ఉన్న దేశాల నుంచి ఈమధ్యే వచ్చినవారికి 10. ఏ ముప్పూ లేనివారికి 15. కొలవాల్సింది ఎర్రదనాన్ని కాదు, గట్టిపడ్డ మేరను. చిన్నప్పుడు బీసీజీ టీకా పడిన మనలాంటివారికైతే రక్తపరీక్ష మేలంటారు.

సీనియర్ అక్కలు ఇచ్చే పాత పుస్తకాలతోనూ జాగ్రత్త. పెద్దపేగు క్యాన్సర్ పరీక్ష 50 ఏళ్లకు మొదలుపెట్టాలని వాటిలో ఉంటుంది. 2021 నుంచి అది 45 ఏళ్లు. రొమ్ము క్యాన్సర్‌కు రెండేళ్లకోసారి మామోగ్రామ్ 40 నుంచే అని 2024లో మార్చారు. పాత లెక్క కంఠతా వస్తే తప్పు జవాబు కూడా కంఠతా వచ్చినట్టే!

రోజుకు కాసిన్ని.. తప్పులకో నోటుపుస్తకం

నైట్ డ్యూటీ, చంటిపిల్ల, వంట.. వీటి మధ్య చదివేవారే ఎక్కువ. మూడు నెలలు ముందుగా మొదలుపెట్టి, రోజుకు కాసిన్ని ప్రశ్నలు గడియారం పెట్టుకుని చేయడం మంచి పద్ధతి. ఎన్ని ఒప్పయ్యాయన్నది కాదు, తప్పయినది ఎందుకు తప్పయిందన్నది ముఖ్యం. తెలియకా? ప్రశ్నలో 'ముందుగా' అన్న మాట చూడకా? ఆ కారణం నోటుపుస్తకంలో రాసుకుంటే పది రోజుల్లో ఎవరి బలహీనత వారికే తెలుస్తుంది. 'ముందుగా ఏం చేస్తారు' అంటే చాలాసార్లు మందు కాదు.. పేషెంటును ఇంకాస్త అడగడం, చూడడం. ఛాతీ నొప్పి, చెమటలు అని ఉంటే మాత్రం అన్నీ ఆపి ఎమర్జెన్సీకి పంపడం. ఎక్కడ ఆగాలో తెలియడమూ నిర్ణయమే.

తప్పితే లోకం మునిగిపోదు. ఏఏఎన్‌పీసీబీ వెనకబడిన అంశాల్లో 15 గంటల చదువు చూపించమంటుంది, ఏడాదిలో రెండుసార్లు రాయనిస్తుంది. ఏఎన్‌సీసీకి 60 రోజులు ఆగాలి.

ఇంటికొస్తే?

పాసైనా స్వేచ్ఛ అంతటా ఒక్కలా ఉండదు. సగానికి పైగా రాష్ట్రాల్లో సొంతంగా వైద్యం చేయొచ్చు. మనవాళ్లు ఎక్కువగా ఉండే టెక్సాస్‌లో మాత్రం మందు రాయాలంటే డాక్టరుతో ఒప్పందం ఉండాల్సిందే. సర్టిఫికెట్‌ను అయిదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

అదే అమ్మాయి సొంతూరికి తిరిగొస్తే ఆ సర్టిఫికెట్‌తో ఇక్కడ మందుల చీటీ రాయడం చెల్లదు. మనదేశంలో ఈ దారి ఇప్పుడిప్పుడే పడుతోంది. క్రిటికల్ కేర్‌లో రెండేళ్ల నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు వచ్చింది. కాన్పులు చూసే నర్స్ ప్రాక్టీషనర్లకు 18 నెలల శిక్షణ ఇచ్చేలా కేంద్రం 2018లో మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకు ఏడాది ముందే తెలంగాణ ఆ బాట పట్టింది.

డాక్టరు రాక కోసం ఎదురుచూసే పల్లెలు కొలరాడోలోనే కాదు, మన సరిహద్దుకు రెండువైపులా ఉన్నాయి. అక్కడ సూదిమందు వేసే నర్సమ్మ రోజూ నాడి చూస్తూనే ఉంది. ఏం జబ్బో చాలాసార్లు ఆమెకు తెలుసు. ఆ తెలిసినదాన్ని ధైర్యంగా చెప్పే చదువూ, చెప్పే హక్కూ ఆమెకు రావాల్సి ఉంది.